సైకెంతో విభాగం

లంక చుట్టూ వరద నీరు తొమ్మిది రోజులపాటు కదలకుండా నిలబడిపోయిన ఏడాది ఒకటుంది. ఆ లంకలో పుట్టుకలైనా పెళ్ళిళ్ళైనా ఇప్పటికీ దాన్నిబట్టే లెక్క. ఈ సంగతి ఆ వరద వెళ్ళిన రెండో ఏడు జరిగింది.

వరద వచ్చిన ఏడో రోజున భూములు కొలిచేవాళ్ళు పడవ మీద వచ్చారు. ఫలానా తేదీన లంక కొలవాలని పైనుంచి ఉత్తర్వు ఉంది. ఆ ఉత్తర్వు నకలు వరదకి అందలేదు. గొలుసు వేస్తే మునిగింది. వెదురుగడ దించితే రెండు బారలు దిగింది. వాళ్ళు నిజాయితీపరులు. కళ్ళతో చూసిందే రాశారు. కడలి ముసలయ్య ఎకరన్నర చేను ఎదురుగా ‘నది’ అని రాసుకుని, పడవ తిప్పుకుని భోజనాలకి వెళ్ళిపోయారు.

తరవాత నీరు తీసింది. కాగితం మీద మాత్రం తీయలేదు.

ముసలయ్యకి ఆ పేరు ఉయ్యాలలోనే పెట్టారు. పెళ్ళి వయసులో ఆ పేరు విని ఒకరిద్దరు పిల్లనివ్వడానికి వెనకాడారు. ఇప్పుడు అరవై ఎనిమిదేళ్ళు. పేరుకి మనిషి సరిపోయాడు. మాట తక్కువ. ‘ఆయ్’ అన్న ఒక్క మాటతో సంతలో ఎద్దుల బేరం ముగించిన మనిషి. ఆయన మాట్లాడనివన్నీ భార్య వీరాయమ్మే మాట్లాడేది గనక ఆ ఇంట్లో మాటలకి లోటుండేది కాదు.

వరద వదిలివెళ్ళిన ఒండ్రు మీద ముసలయ్య అరటి వేశాడు. ఒండ్రు మంచిది. గెలలు దిగాయి. అవి కోతకి వస్తున్న వేళ నోటీసు వచ్చింది. చదివిన మూడు తరగతుల బలంతో ముసలయ్య అరుగు మీద కూర్చుని దాన్ని కూడబలుక్కున్నాడు.

“సదరు నదీగర్భమందు అనుమతి లేకుండా అరటి వృక్షములను నిలిపి ప్రవాహమునకు అవరోధము కల్పించియున్నారు. వాటిని ఈ నెలాఖరులోగా తొలగించవలెను. లేనియెడల శాఖవారే తొలగించి, సదరు జలభాగమందు చేపల వేట హక్కును అర్హులైన వారికి ఇచ్చెదరు.”

“ప్రవాహం ఎక్కడుందంట?” అంది వీరాయమ్మ. “బిందెడు నీళ్ళకి అరమైలు నడిసి సత్తన్నాను నేను. ఇంటెనకే నదుందని ఒక్కడైనా సెప్పాడు కాదు.”

“ఆయ్,” అన్నాడు ముసలయ్య.

“ఆయ్ కాదు. ఎల్లి మల్లీ ఒకపాలి సూడమని సెప్పు. కళ్ళున్నోళ్ళకి కనపడతాది.”

మళ్ళీ చూడమని చెప్పడం. ఆయనకి పడ్డ పని అంతే. రెండు మాటల పని. ముసలయ్యకి సరిపోయే పని.

అవతలి ఒడ్డున పట్నంలో నదీతీర భూముల నిర్ణయ కార్యాలయం ఉంది. అందులో మొన్నటిదాకా ‘పునఃపరిశీలన విభాగం’ అని ఒక కిటికీ ఉండేది. నిర్ణయం తప్పైతే మళ్ళీ చూడమని అక్కడ అర్జీ ఇచ్చుకునేవాళ్ళు. ముసలయ్య వెళ్ళేసరికి ఆ బోర్డు తీసి గోడకి ఆనించారు. కొత్త బోర్డు ఇంకా తడిగా ఉంది.

కార్యాలయం పెద్ద పరాంకుశం గారు పదకొండు రోజులు జపాను వెళ్ళొచ్చారు. అక్కడ ఆయన రోజుకొక సలహా ఇచ్చారట. ఇచ్చిన ప్రతిసారీ వాళ్ళు వంగి నమస్కరించి ‘కెంతో షిమాసు’ అన్నారట. అంటే ‘పరిశీలిస్తాం’ అని. ఒకసారి పరిశీలించిందాన్నే మళ్ళీ పరిశీలించడాన్ని ‘సైకెంతో’ అంటారని కూడా ఆయన తెలుసుకున్నారు. విమానం దిగిన రోజే సిబ్బందిని కూర్చోబెట్టి ప్రసంగించారు.

“పునఃపరిశీలన అనే మాటలో ఒక నీరసం ఉంది. విసర్గ దగ్గరే మనిషి ఊపిరి ఆగిపోతోంది. జపాను అభివృద్ధి చెందింది. ఎందుచేత? సైకెంతో చేత. రేపటినుంచి ఈ కార్యాలయంలో పునఃపరిశీలన ఉండదు. సైకెంతో మాత్రమే ఉంటుంది.”

ఈ మాట అందరికంటే శ్రద్ధగా రాసుకున్నవాడు సూపరింటెండెంటు కామేశం. కిటికీ అతనిదే. ఆ మాట పైకి అనడం అతనికి కొత్త. నోరు తిరగక గబగబా అనేసేవాడు.

“మళ్ళీ సూడాలండి,” అన్నాడు ముసలయ్య, నోటీసు కిటికీలోంచి తోస్తూ.

“అలా చూడ్డం ఇప్పుడు లేదయ్యా. సైకెంతో వస్తేనే చూస్తాం. ఊరికే వస్తే చూడం.”

ఇంకొకరైతే ఏమన్నారని అడిగేవాళ్ళు. అడగడం ముసలయ్య అలవాటు కాదు. “ఆయ్,” అని నోటీసు వెనక్కి తీసుకుని రేవుకి నడిచాడు.

“ఏమన్నారు?” అంది వీరాయమ్మ గుమ్మంలోనే.

“సైకిల్తో రమ్మన్నారు.”

“సైకిలెందుకంట? పడవెక్కి ఎల్లాల్సిన ఊరికి!”

ముసలయ్యకి సైకిలు లేదు. ఉన్నా తొక్కడం రాదు. లంకలో నాలుగు సైకిళ్ళున్నాయి. వాటిలో అడిగితే ఇచ్చేది మంగలి సూరిబాబు ఒక్కడే. మంగళవారం అతను కత్తి ముట్టడు గనక ఆ ఒక్క రోజు సైకిలు ఖాళీ. నెలాఖరుకి మూడు మంగళవారాలున్నాయి.

మొదటి మంగళవారం ముసలయ్య సైకిలుని దూడని తోలుకెళ్ళినట్టు హేండిలు పట్టుకుని రేవుకి నడిపించాడు. పడవవాడు చూసి, “ఏం బాబాయ్, దాని మీద నువ్వెక్కవా? దాన్నే నీ మీదెక్కించుకుంటావా?” అన్నాడు. ముసలయ్య సైకిలుని పడవలో పడుకోబెట్టి దాని పక్కన కూర్చున్నాడు.

కార్యాలయం ఆవరణలో అప్పటికే నలభై సైకిళ్ళున్నాయి. ఆ వారంలో కిటికీ దగ్గరికి వెళ్ళినవాళ్ళందరూ విన్నది అదే మరి. తన చేను కాగితంలో గట్టుగా పడ్డ మనిషి వచ్చాడు. తన గట్టు ఇసుకతిన్నెగా పడ్డ మనిషి వచ్చాడు. ఒకావిడ తన మనవడి మూడు చక్రాల సైకిలు చంకనేసుకుని వచ్చింది.

పరాంకుశం గారు మేడ మీంచి చూశారు. చాలాసేపు చూశారు. తనకి తెలియనిది తన కార్యాలయంలో జరుగుతోందని ఒప్పుకునే అలవాటు ఆయనకి లేదు. కాసేపటికి మొహం వెలిగింది.

“కామేశం! క్యోటో రైలుస్టేషను ముందు నేను చూసిన దృశ్యం ఇదే. అక్కడా ఇలాగే వరసగా సైకిళ్ళు. మనం మాట మాత్రమే ఇచ్చాం. ప్రజలు దాని ఆత్మని పట్టుకున్నారు.”

ఏం జరిగిందో కామేశానికి ఆ క్షణంలోనే అర్థమైంది. కాని అర్థమైనవి చెప్పేవాడైతే ఇరవై ఆరేళ్ళు ఆ కుర్చీలో ఉండేవాడు కాదు. “చిత్తం సార్, ఆత్మే,” అన్నాడు.

సాయంత్రంలోగా ఉత్తర్వు అంటించారు. “సమస్త దరఖాస్తుదారులకు తెలియజేయునది ఏమనగా: ఇకమీదట సైకెంతో కోరువారు విధిగా సైకిలుతో హాజరు కావలెను. దరఖాస్తును వెనుక కేరియరుకు బిగించవలెను. మొదటిసారి కోరువారు గంటను ఒకసారి, రెండవసారి కోరువారు రెండుసార్లు మ్రోగించవలెను. అంతకు మించి మ్రోగించుట అమర్యాదగా పరిగణింపబడును.”

దరఖాస్తు ఫారంలో కొత్త గళ్ళు వచ్చాయి. సైకిలు రంగు. సైకిలు వయసు. చక్రాల సంఖ్య. భూమి వివరాలు రాయడానికి అడుగున ఒక గీత మిగిలింది.

ముసలయ్య చక్రాల గడి దగ్గర ఆగి చూశాడు.

“రెండని రాయవయ్యా. మనవడి సైకిలావిడకి మాత్రమే ఆ గడి,” అన్నాడు కామేశం. తరవాత బయటికొచ్చి సైకిలు చుట్టూ తిరిగాడు. టైరు నొక్కాడు. గంట కొట్టించాడు. వెనక ఎర్ర దీపం లేదని దరఖాస్తు తిరిగి ఇచ్చేశాడు. ఆ కార్యాలయం అయిదింటికి మూసేస్తారు. అయినా దీపం ఉండాలి.

“చేను సూడరాండి?” అన్నాడు ముసలయ్య.

“వరస ప్రకారం అన్నీ చూస్తాం. ముందు సైకిలు.”

రెండో మంగళవారం నాటికి కార్యాలయం బాగా పెరిగింది. గాలి తనిఖీకి ఇద్దరు వచ్చారు. బ్రేకుల తనిఖీకి ఒకరు. గంట శబ్దం వినడానికి ఒక రిటైరైన సంగీతం మేష్టారుని తాత్కాలికంగా వేసుకున్నారు. భూమి కొలిచే గొలుసులు పెట్టుకునే గది ఖాళీ చేసి పంపులు పెట్టారు. గొలుసులు సైకిళ్ళు కట్టేయడానికి పనికొచ్చాయి.

ఆ రోజు వీరాయమ్మ కూడా వచ్చింది. “నువ్వు ఆయ్ అని తిరిగొచ్చేత్తావు, నేనొత్తాను పద,” అని ఎర్ర దీపం తనే పట్టుకుని పడవెక్కింది.

దీపం చూశారు. బాగుందన్నారు. సంగీతం మేష్టారు గంట విని తల పంకించాడు. తరవాత కామేశం సైకిలు సీటు కింద చెక్కిన పేరు చదివాడు.

“ఇది సూరిబాబు సైకిలు కదా. దరఖాస్తు ముసలయ్యది. అప్పుడు ఈ సైకెంతో ఎవరిదవుతుంది?”

“బాబూ, మా ఆయనకి సైకిలు తొక్కడమే రాదు. సొంతంగా కొనుక్కుని ఏం సేసుకుంటాడండి?”

“తొక్కమని ఎవరన్నారమ్మా? నిబంధన చదువుకో. సైకిలుతో అని ఉంది. సైకిలు మీద అని ఎక్కడా లేదు.”

“పోనీ, సైకిలు సంగతి పక్కనెట్టండి. రేవు దాటితే మా సేను. గంట పని. వొచ్చి సూడండి. అరటిసెట్లు నీళ్ళలో ఉన్నాయో, నేల మీద ఉన్నాయో మీ కళ్ళకే కనపడతాది.”

“అలా ఎవరు పడితే వాళ్ళు పిలిస్తే వచ్చి చూసేస్తే ఈ విభాగం దేనికమ్మా?” కామేశం నిజంగానే నొచ్చుకున్నాడు. “నీ దరఖాస్తు తిరస్కరించాం. తిరస్కారం మీద కూడా సైకెంతో ఉంది. దానికి రెండు సైకిళ్ళతో రావాలి.”

“అదీ తిరస్కరిత్తే నాలుగా?”

“మూడమ్మా. మేం ప్రజలని ఇబ్బంది పెట్టం.”

తిరుగు పడవలో వీరాయమ్మ ఒక్క మాటా మాట్లాడలేదు. పెళ్ళయిన ఈ నలభై ఏళ్ళలో అలా జరగలేదు. ముసలయ్యకి భయం వేసింది.

“వచ్చేవారం కూడా ఎల్దాం,” అన్నాడు.

“ఎందుకు? ఆ గురువారానికి నెలాఖరు. కత్తులట్టుకుని వాళ్ళే వత్తారు,” అని ఆవిడ నీళ్ళవైపు తిరిగి కూర్చుంది. నూట ఎనభై చెట్లు. ఒక్కొక్క పిలకా ఆవిడే తెచ్చి పాతింది.

మూడో మంగళవారం సూరిబాబు సైకిలొకటి, అతని బావమరిది దగ్గర బతిమాలి తెచ్చిన సైకిలొకటి పట్టుకుని ఇద్దరూ వెళ్ళారు. ఆవరణలో ఆ రోజు తోరణాలు కట్టారు. పరాంకుశం గారు జపానుకి ఉత్తరం రాశారట, మీ పద్ధతి మా దగ్గర చక్రాల మీద నడుస్తోందని. అది చూడ్డానికి అక్కడినుంచి హయాసె గారని నదుల ఇంజినీరు ఒకావిడ వచ్చింది. యాభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంది. నాలుగేళ్ళు విశాఖపట్నంలో ఉన్నప్పుడు ఒక పాతకాలం పంతులు దగ్గర తెలుగు నేర్చుకుందట.

ఆవిడ రెండు వందల సైకిళ్ళనీ అటునుంచి ఇటు, ఇటునుంచి అటు చూసింది.

“ఇన్ని సైకిళ్ళు ఎందులకు తెచ్చినారు?”

“సైకెంతో కోసం మేడం,” అన్నారు పరాంకుశం గారు, ఛాతీ విరుచుకుని.

ఆవిడ మర్యాదగల మనిషి గనక నవ్వలేదు. “ఆ మాటకు కాగితములు తీసి మరల యోచించుట అని అర్థము. సైకిలు అందులో లేదు.”

“భావం తీసుకున్నాం మేడం. మీ దేశంలో నేను ఏ సలహా చెప్పినా వెంటనే కెంతో షిమాసు అనేవారు. ఆ ఉత్సాహం నేను మరిచిపోలేదు.”

“అయ్యో,” అంది ఆవిడ. “మేము ఒకరి కోరిక కాదనదలచినప్పుడు మనసు నొప్పించకుండ ‘పరిశీలించెదము’ అని కూడ అందుము.”

“ఇక్కడా అంతేనండి,” అన్నాడు కామేశం, పొరపాటున.

పరాంకుశం గారు అతనివైపు చూసిన చూపుకి అతను సైకిళ్ళ వెనక్కి వెళ్ళిపోయాడు. ఆవిడ అక్కడే రెండు సైకిళ్ళు పట్టుకుని నిలబడ్డ ముసలయ్య దగ్గరికి వచ్చింది.

“తమరికి ఏమి కావలెను?”

“మళ్ళీ సూడమంటన్నానండి,” అన్నాడు ముసలయ్య.

“ఎవరూ సూడ్డం లేదమ్మా!” అంది వీరాయమ్మ. ఎక్కడ దాచిందో ఆ వారమంతా, మాటలన్నీ ఒక్కసారి వచ్చేశాయి. వరద, గొలుసు, నోటీసు, ఎర్ర దీపం, గురువారం, అన్నీ చెప్పింది.

హయాసె గారు మొత్తం విని, “తమరడుగునది సైకెంతో కాదు,” అంది. “దానికి వేరొక మాట కలదు. మినావోసు. చూచుట, సరిచేయుట రెండును కలిసిన మాట. అది కచేరీలో కూర్చుండి చేయుట కుదరదు. పదండి, చూతము.”

విదేశీ అతిథి పదండంటే కాదనే నిబంధన ఆ కార్యాలయంలో లేదు. రేవుకి బయల్దేరారు. దారిలో కామేశం బంట్రోతు చెవిలో, “ఆ కొత్త మాటేంటో విన్నావా?” అన్నాడు. “మినపసున్ని అన్నట్టుందండి,” అన్నాడు బంట్రోతు. కామేశం పుస్తకంలో రాసుకున్నాడు.

పడవ దిగి తోట గట్టుకి చేరగానే పరాంకుశం గారు అందరినీ ఆపి రిజిస్టరు తెరిచారు.

“ఇక్కడినుంచి నది మొదలవుతుంది. రెండు బారల లోతు. ఎవరూ నీళ్ళలో తేల్చే జాకెట్లు లేకుండా అడుగు వేయకూడదు. ఏదైనా అయితే నాది బాధ్యత.”

వరద సాయం కింద వచ్చిన బెండు జాకెట్లు బంట్రోతు మోసుకొచ్చాడు. పరాంకుశం గారు ఒకటి, కామేశం ఒకటి, బంట్రోతు ఒకటి తొడుక్కున్నారు. హయాసె గారికి ఇవ్వబోతే, “వలదు, నాకు ఈత వచ్చును,” అంది. కామేశం పంట్లాం మోకాళ్ళ పైకి మడుచుకున్నాడు. నలుగురూ అరటిచెట్ల మధ్యకి దిగారు. నేల ఎండి నెర్రెలిచ్చి ఉంది. పరాంకుశం గారు ఎందుకైనా మంచిదని ఒక చెట్టుని పట్టుకుని నిలబడ్డారు.

ఆవిడ కింద కూర్చుని ఒక మట్టిగడ్డ తీసి వేళ్ళతో చిదిపింది. “ఇది నేల.”

“నేలే మేడం. నది అడుగున నేల ఉండకుండా ఎలా ఉంటుంది?”

“నీరు లేదు.”

“ప్రస్తుతం లేదు. ఆ మాట నమోదు చేయిస్తాను. కామేశం, రాయి: నది, నీరు సెలవులో ఉన్నది.”

“మరల చూచినారు కదా!”

“చూశాం. ఎంతో బాగా చూశాం. కాని చూసినదాన్నిబట్టి నిర్ణయం మార్చాలంటే అది సైకెంతో అవుతుంది. వీరి సైకెంతో పోయిన మంగళవారం తిరస్కరించబడింది. దాని మీద దరఖాస్తు ఈ రోజు పెట్టాలి. సైకిళ్ళు రెండూ అవతలి ఒడ్డున ఉన్నాయి.” పరాంకుశం గారి గొంతులో నిజమైన విచారం ఉంది. “ఎల్లుండి చెట్లు కొట్టించక తప్పదు. వేట హక్కు ఎవరికో ఒకరికి ఇవ్వకా తప్పదు.”

హయాసె గారు చేతిమట్టి దులుపుకుని లేచింది. వీరాయమ్మ చెట్టుకి ఆనుకుని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ముసలయ్య ఆ కొంగు చూశాడు. జాకెట్లు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. జీవితంలో ఆయన ఒక్క ఊపులో అన్ని మాటలు ఎప్పుడూ అనలేదు.

“నదైతే నదేనండి. నేను కాదన్ను. మళ్ళీ సూడనూ వద్దు. ఆ వేటేదో నాకు రాసిచ్చేయండి.”

పరాంకుశం గారు చెట్టు వదిలేశారు. “మీరు మా నిర్ణయంతో ఏకీభవిస్తున్నారా?”

“ఆయ్.”

“ఇది నదేనంటారు?”

“ఆయ్.”

“అయితే ఇందులో మార్చవలసింది ఏమీ లేదు! మార్చవలసింది లేదు గనక సైకెంతో కాదు. సైకెంతో కాదు గనక సైకిలు అక్కర్లేదు. ఇప్పుడే సంతకం పెట్టేస్తాను. కామేశం, వంగు.”

కామేశం వీపు మీద, బెండు జాకెట్టు మెత్తగా దిగబడుతుంటే, ఉత్తర్వు తయారైంది. “సదరు జలభాగమందు లభించు సమస్తమును పట్టుకొనుటకు, తీసికొనుటకు, అమ్ముకొనుటకు కడలి ముసలయ్యకు పూర్తి హక్కు కలదు.”

“మరి సెట్లండి?” అన్నాడు ముసలయ్య.

కలం ఆగింది. పరాంకుశం గారు చుట్టూ చూశారు. “వేటగాడు వలలు కట్టుకోవడానికి నదిలో గుంజలు పాతుకోవచ్చునని నిబంధన ఉంది. ఇవి గుంజలేనా?”

“గుంజలేనండి,” అంది వీరాయమ్మ, కొంగు తీసేసి. “సిగుళ్ళేసినియ్యి, అంతే.”

“గుంజలు నూట ఎనభై,” అని చివర చేర్చి సంతకం పెట్టారు.

హయాసె గారు వెళ్ళేముందు ముసలయ్యకి నడుం వంచి నమస్కారం పెట్టింది. అలా ఎందుకు పెట్టిందో ఆయనకి తెలియలేదు. ఆయనా నడుం వంచాడు. జాకెట్లు తొడుక్కున్న ముగ్గురూ జాగ్రత్తగా ఒడ్డుకి ఎక్కి, అక్కడ జాకెట్లు విప్పి, అసలు ఏరు దాటడానికి పడవెక్కారు.

మర్నాడు తెల్లవారగానే ముసలయ్య కొడవలి పట్టుకుని వేటకి వెళ్ళాడు. ఎండెక్కేలోగా పదకొండు గెలలు పట్టుకున్నాడు. రేవులో వేట నమోదు చేసే గుమాస్తా పుస్తకం తెరిచి ఏం రకం పడిందని అడిగితే చక్రకేళి అన్నాడు. గుమాస్తా రాసుకున్నాడు. పొలుసులుంటాయా అని అడిగాడు. ఉండవన్నాడు. గుమాస్తా అదీ రాసుకున్నాడు.